ఏసీలో సరుకు, కాగితం మీద బొమ్మ: యూజ్ కేస్ డయాగ్రమ్ అసలు దేనికి?

గుంటూరులో "కాయలు ఏసీలో పెట్టాం" అంటే కోల్డ్ స్టోరేజీలో దాచుకున్నామని అర్థం. కొత్త పంట మిర్చి యార్డుకు పోటెత్తే రోజుల్లో రేటు నచ్చని రైతు టిక్కీలను మళ్లీ ఇంటికి తోలుకుపోడు. దగ్గర్లో ఉన్న ఏసీలో దింపి, దాచిన సరుకుకు రసీదుగా బాండు తీసుకుని, ధర పెరిగేదాకా ఎదురు చూస్తాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా. ఊరి చుట్టూ ఇలాంటి కోల్డ్ స్టోరేజీలు వందకు పైగానే ఉన్నాయి. కొన్నేళ్ల కిందట వాటిలో ఒకదానికి మా చిన్న టీము సాఫ్ట్‌వేర్ రాసింది.

పని మొదలుపెట్టే ముందు ఏమేం కావాలో మూడు పేజీల జాబితా రాసుకున్నాం. సరుకు నమోదు, బాండు ప్రింటు, అద్దె లెక్క, డెలివరీ, రిపోర్టులు. మేనేజరు గారు చదివి సంతకం పెట్టారు. సీజన్‌లో సరుకు దిగినన్నాళ్లూ అంతా సాఫీగానే నడిచింది. వానాకాలం మొదలయ్యాక ఒక రైతు తన 120 టిక్కీల్లో 30 తీసుకుపోతానని వచ్చాడు. గుమస్తా బాండు నంబరు కొట్టాడు, అద్దె కట్టించుకున్నాడు, గేట్ పాస్ ప్రింటు ఇచ్చాడు. హమాలీలు సగం టిక్కీలు వ్యాన్‌లోకి ఎక్కించాక అకౌంటెంట్ గారు పరుగున వచ్చారు. "ఆపండి, ఆ బాండు మీద బ్యాంకు అప్పుంది!"

ఎక్కించినవన్నీ దింపారు. రైతు ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. అప్పు తీసుకున్నది 80 టిక్కీల మీదే కాబట్టి మిగతా 40 తనవేనని ఆయన లెక్క. గుమస్తాదీ తప్పు కాదు, స్క్రీన్ ఆపనప్పుడు ఆయనెందుకు ఆపుతాడు? ఆ సాయంత్రం మా మూడు పేజీలు మళ్లీ తిరగేశాం. వాటిలో బ్యాంకు అన్న మాటే లేదు.

"బాబూ, ఈ బాండు మనకు రసీదు. బ్యాంకోళ్లకు అది తనఖా" అన్నారు అకౌంటెంట్ గారు. అంత ముఖ్యమైన విషయం ముందే ఎందుకు చెప్పలేదని ఆయన్ని అడగబోయి ఆగిపోయాను. ఆయన్ని మేం అడిగిందెక్కడ? మేం అడిగిన ప్రశ్నలన్నీ ఏ స్క్రీన్ కావాలి, ఏ రిపోర్టు కావాలి అన్నవే. ఈ గోదాముతో ఎవరెవరికి పనుంది, ఎవరు ఏం ఆశించి ఇక్కడికి వస్తారు అని ఒక్కసారి కూడా అడగలేదు. ఒక సిస్టమ్‌ని ఎవరెవరు ఏ పనికి వాడుకుంటారో చూపించే బొమ్మే యూజ్ కేస్ డయాగ్రమ్, అది మొదలయ్యేదే ఆ ప్రశ్నతో. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఏటీఎంకి, లైబ్రరీకి, రైల్వే రిజర్వేషన్‌కి ఈ బొమ్మలు గీసి రికార్డులో అంటించాను. అది ఒక ప్రశ్న అని మాత్రం అప్పుడు అర్థం కాలేదు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచి వచ్చిన ఆలోచన

ఈ పద్ధతిని రూపొందించింది స్వీడన్‌కు చెందిన ఇవార్ జాకబ్సన్. ఆయన ఎరిక్సన్ కంపెనీలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మీద పనిచేశారు. ఎక్స్ఛేంజీలో ఎన్నో విడిభాగాలుంటాయి. అయితే ఫోన్ ఎత్తి నంబరు తిప్పేవాడికి అవేవీ అక్కర్లేదు, కాల్ కలిస్తే చాలు. ఆ ఒక్క కాల్ కోసం విడిభాగాలన్నీ కలిసి పనిచేయాలి. కాబట్టి సిస్టమ్‌ని విడిభాగాలుగా కాకుండా, బయటి మనిషి దాన్ని వాడుకునే సందర్భాలుగా వివరించాలన్నది ఆయన ఆలోచన. స్వీడిష్‌లో ఆయన పెట్టిన పేరుకు 'వాడకం సందర్భం' అని అర్థం చెప్పుకోవచ్చు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అది యూజ్ కేస్ అయింది. 1987లో ఊప్స్లా అనే సాఫ్ట్‌వేర్ సదస్సులో ఆయన దీని గురించి పేపర్ ఇచ్చారు. 1992లో వచ్చిన ఆయన పుస్తకంతో ఇది అందరికీ తెలిసింది. తర్వాత సాఫ్ట్‌వేర్ నిపుణులు గ్రేడీ బూచ్, జేమ్స్ రంబాతో కలిసి ఆయన చేసిన కృషి యూఎంఎల్‌గా, అంటే సాఫ్ట్‌వేర్ బొమ్మలు గీయడానికి అందరూ వాడే ఒకే గుర్తుల భాషగా, రూపుకట్టింది. 1997లో సాఫ్ట్‌వేర్ ప్రమాణాలు నిర్ణయించే ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే సంస్థ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది.

బొమ్మలో ఉండే గుర్తులు తక్కువే. పుల్లలతో గీసినట్టుండే మనిషి యాక్టర్. కోడిగుడ్డు ఆకారం యూజ్ కేస్. గుడ్లన్నిటి చుట్టూ గీసే పెట్టె సిస్టమ్ సరిహద్దు. మనిషికీ గుడ్డుకీ మధ్య గీత ఉంటే ఆ పనితో ఆయనకు సంబంధం ఉన్నట్టు. గుంటూరులో బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఆటోవాడికి విడమరిచి చెప్పక్కర్లేదు. యూఎంఎల్ గుర్తులతో సుఖం కూడా ఇలాంటిదే. అందరికీ ఒకే అర్థం తెలిసి ఉంటే మాటలు ఆదా అవుతాయి. ఈ గుర్తులు నేర్చుకోవడానికి అరగంట చాలు. కష్టం వేరేచోట ఉంది.

మనిషి బొమ్మ ఎవరికి గీయాలి?

మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. మా గోదాము బొమ్మలో రైతు యాక్టరా, కాదా?

సరుకు రైతుది, అవసరం రైతుది. అయితే ఆయన కౌంటరు ఇవతల నిలబడి ఉంటాడు, కీబోర్డు కొట్టేది గుమస్తా. యూఎంఎల్ లెక్క ప్రకారం యాక్టర్ అంటే సిస్టమ్ బయట ఉండి దానితో నేరుగా వ్యవహరించే పాత్ర. అలా చూస్తే గుమస్తాయే యాక్టర్, రైతుకి బొమ్మలో చోటు లేదు. రైతునే తీసేస్తే ఇదంతా ఎవరి కోసం చేస్తున్నామన్నది బొమ్మలో కనపడకుండా పోతుంది.

దీనికి జవాబు పెట్టె గీతలో ఉంది. ఆ గీత దేని చుట్టూ గీస్తున్నామో ముందు తేల్చుకోవాలి. గోదాము వ్యాపారం మొత్తం చుట్టూ గీస్తే గుమస్తా, అకౌంటెంట్, హమాలీ అందరూ పెట్టె లోపలి మనుషులే. బయట నిలబడేది రైతు, వ్యాపారి, బ్యాంకు, బీమా కంపెనీ. సాఫ్ట్‌వేర్ చుట్టూ మాత్రమే గీస్తే గుమస్తా, అకౌంటెంట్ బయటికొచ్చి యాక్టర్లవుతారు. కంప్యూటరు ముట్టుకోని హమాలీ ఈ బొమ్మలో ఉండడు, ఆయన కూలి లెక్క ఉన్నా సరే. గీత జరిగితే మనుషుల చోట్లూ మారిపోతాయి.

రెండు బొమ్మలూ గీయాలనే నేను చెబుతాను, ముందు వ్యాపారానిది, తర్వాత సాఫ్ట్‌వేర్‌ది. తొందరలో చాలామంది మొదటిది వదిలేస్తారు, మేమూ వదిలేశాం. వ్యాపారం బొమ్మ గీసి ఉంటే అకౌంటెంట్ గారు చూడగానే "బ్యాంకు ఏదీ?" అని అడిగేవారు. పేజీల కొద్దీ జాబితాలో లేనిదాన్ని పట్టుకోవడం ఎవరికైనా కష్టం. తను రోజూ చూసే మనుషులు పది బొమ్మల్లో కనపడుతుంటే, కనపడని మనిషి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఈ డయాగ్రమ్ వల్ల కలిగే పెద్ద మేలు నా దృష్టిలో ఇదే. దీన్ని ప్రోగ్రామర్ల కోసం గీస్తామనుకుంటారు గానీ, కంప్యూటర్ భాష రాని పెద్దమనిషి వేలు పెట్టి తప్పు చూపించగలిగే కాగితం మన పనిలో ఇంకొకటి దొరకదు.

యాక్టర్ అంటే పాత్ర, వ్యక్తి కాదు. మన దగ్గర సొంత పొలం ఉన్న వ్యాపారులుంటారు, పక్కవాళ్ల కాయలు కొని దాచే రైతులుంటారు. ఒకే మనిషి పొద్దున రైతుగా, సాయంత్రం వ్యాపారిగా రావచ్చు. ఇద్దరికీ కామన్‌గా ఉన్న పనులకు 'సరుకుదారు' అనే పాత్ర పెట్టి, రైతునీ వ్యాపారినీ దాని కిందకు తెచ్చాం. దీన్నే జనరలైజేషన్ అంటారు. బాణం మొన దగ్గర ఖాళీ త్రిభుజం ఉంటుంది, అది సాధారణ పాత్ర వైపు చూపిస్తుంది. బయటి సిస్టమ్‌లు కూడా యాక్టర్లే. మన సాఫ్ట్‌వేర్ మెసేజ్ పంపడానికి వాడుకునే ఎస్‌ఎంఎస్ సేవ అలాంటిది. నెలాఖరున దానంతటది నడిచే లెక్క ఉంటే 'సమయం' పేరుతో యాక్టర్ గీయడం కూడా వాడుకలో ఉంది.

ఏది ఒక యూజ్ కేస్, ఏది కాదు

యాక్టర్లు దొరికాక గుడ్లు గీయడం తేలికనిపిస్తుంది. ఎక్కువ బొమ్మలు పాడయ్యేది ఇక్కడే. లాగిన్ ఒక గుడ్డు, బాండు వెతకడం ఒక గుడ్డు, సేవ్ ఒకటి, ప్రింటు ఒకటి. చూస్తుండగానే నలభై గుడ్లు పోగవుతాయి, బొమ్మ మెనూ బార్‌లా తయారవుతుంది. మా ల్యాబ్ రికార్డుల నిండా ఇవే ఉండేవి, పైగా వాటికి మంచి మార్కులు పడేవి.

నాకు పనికొచ్చిన పరీక్ష ఒకటి చెబుతాను. రైతు రాత్రి ఇంటికెళ్లాక భార్య అడుగుతుంది, "ఇవాళ ఏసీకి వెళ్లి ఏం చేసుకొచ్చావు?" అని. "ముప్పై టిక్కీలు విడిపించుకొచ్చాను", "శాంపిల్ తీయించుకుని వచ్చాను", "బాండు తమ్ముడి పేరు మీదకు మార్పించాను" అన్నవి జవాబులు. ఒక్కొక్కటీ ఒక యూజ్ కేస్. "బాండు నంబరు కొట్టించాను" అంటే ఆమె "అయితే?" అంటుంది. ఆ "అయితే?" వచ్చిందంటే అది యూజ్ కేస్ కాదు, ఏదో యూజ్ కేస్‌లో ఒక మెట్టు. ఇటు "వ్యవసాయం చేసుకొచ్చాను" అన్నా జవాబు కాదు, మరీ పెద్దదైపోయింది. ఈ పద్ధతి మీద బాగా రాసినవారిలో ఒకరైన ఎలిస్టర్ కోబర్న్ దీన్ని ఎత్తులతో పోల్చారు. మనిషి ఒక విడత కూర్చుని పూర్తిచేసుకునే పని సముద్ర మట్టం. దానికి పైన ఆకాశంలో గాలిపటం లాంటి పెద్ద లక్ష్యాలు, కింద నీళ్లలో చేపల్లాంటి చిన్న మెట్లు. డయాగ్రమ్‌లో ఎక్కువ భాగం సముద్ర మట్టంలో ఉండాలి.

పేర్ల విషయం కూడా చెప్పాలి. 'బాండు మాడ్యూల్', 'డెలివరీ మేనేజ్‌మెంట్' అని రాస్తే ఎవరు ఏం కోరుతున్నారో తెలియదు. గుడ్డులో క్రియ ఉండాలి, అదీ యాక్టర్ వైపు నుంచి. మేం 'డెలివరీ' కొట్టేసి 'సరుకు విడిపించుకోవడం' అని రాశాం. తెలుగులో రాయడం వల్ల మాకు బాగా కలిసొచ్చింది. విడిపించుకోవడం అనగానే దేని నుంచి విడిపించుకోవాలన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అద్దె బాకీ నుంచా, బ్యాంకు తనఖా నుంచా? డెలివరీ అన్న మాటలో ఆ తగాదా కనపడదు.

బాణాల గొడవ

ఇంక్లూడ్, ఎక్స్‌టెండ్ అనే రెండు బాణాల మీద జరిగినన్ని వాదనలు ఈ బొమ్మలో ఇంకెక్కడా జరగవు. తొలి యూఎంఎల్‌లో వీటి పేర్లే వేరుగా ఉండేవి, 1999లో వచ్చిన 1.3 వెర్షన్‌లో ఇప్పుడున్న రూపానికి వచ్చాయి. రెండూ తెగిన గీతతో గీసే బాణాలే.

శాంపిల్ తీయించుకోవాలన్నా, సరుకు విడిపించుకోవాలన్నా, పేరు మార్పించుకోవాలన్నా ముందు బాండు సరిచూడాలి. మూడు చోట్లా రాసే బదులు 'బాండు సరిచూడటం' అని ఒక గుడ్డు విడిగా పెట్టి, మూడింటి నుంచీ దాని వైపు ఇంక్లూడ్ బాణం గీస్తాం. అది లేకుండా ఆ మూడు పనుల్లో ఒక్కటీ పూర్తికాదు. ఎక్స్‌టెండ్ దీనికి తిరగేసినట్టుంటుంది. అసలు పని తనకు తాను పూర్తిగా ఉంటుంది, ఒక షరతు ఎదురైనప్పుడే అదనపు పని వచ్చి కలుస్తుంది. కాబట్టి బాణం అదనపు పని నుంచి అసలు పని వైపు పోతుంది.

మరి బ్యాంకు అప్పు సంగతి ఏ బాణం? దీని మీద మేం ఒక పూట వాదించుకున్నాం. అప్పు అన్ని బాండ్ల మీదా ఉండదు కాబట్టి ఎక్స్‌టెండ్ అన్నాను నేను. అప్పుందో లేదో ప్రతిసారీ చూసి తీరాలి కాబట్టి ఇంక్లూడ్ అన్నాడు మా టీములో కుర్రాడు. చివరికి తేలిందేమిటంటే, మేం రెండు పనుల్ని ఒకే పేరుతో పిలుస్తున్నాం. అప్పుందో లేదో చూడటం 'బాండు సరిచూడటం'లో తప్పనిసరి భాగం. అప్పుంటే 'బ్యాంకు అనుమతి తీసుకోవడం' వేరే పని, అది ఎక్స్‌టెండ్. కుర్రాడు పట్టుపట్టకపోతే ఈ తేడా మా కంట పడేది కాదు. అలాగని ప్రతి బాణం కోసం ఒక పూట ఖర్చుపెట్టమని చెప్పను. వాదన వల్ల కొత్త విషయం బయటపడుతుంటే సాగనివ్వండి, ఉత్త గీత కోసమైతే ఏదో ఒకటి గీసి ముందుకెళ్లండి.

ఈ బొమ్మలో వరస ఉండదన్నది గుర్తుపెట్టుకోవాలి. పై గుడ్డు ముందు, కింది గుడ్డు తర్వాత అని ఎవరైనా చదివితే అది బొమ్మను ఫ్లోచార్ట్ అనుకోవడమే. కరెంటు పోతే ఏం కావాలి, సీజన్‌లో వేల టిక్కీలు దిగే రోజున స్క్రీన్ ఎంత త్వరగా తెరుచుకోవాలి లాంటివి కూడా ఇందులో పట్టవు. వాటిని విడిగా రాసుకోవాలి.

గుడ్డు లోపల ఏముంది

అసలు సరుకు బొమ్మలో ఉండదు, ఒక్కో గుడ్డు వెనక రాసే కథలో ఉంటుంది. జాకబ్సన్ మొదటి నుంచీ చెప్పింది ఇదే. మనవాళ్లు బొమ్మ గీసి రాత వదిలేస్తారు. పెళ్లిచూపుల ఫోటో చూసి ముహూర్తం పెట్టుకున్నట్టుంటుంది అలా చేస్తే. 'సరుకు విడిపించుకోవడం' అనే గుడ్డుకు మేం రాసింది ఇది.

1. గుమస్తా బాండు నంబరు ఇస్తాడు.
2. సిస్టమ్ బాండును సరిచూసి సరుకుదారు పేరు, మిగిలి ఉన్న టిక్కీలు చూపిస్తుంది.
3. గుమస్తా ఎన్ని టిక్కీలు కావాలో నమోదు చేస్తాడు.
4. సిస్టమ్ అద్దె, హమాలీ ఖర్చు లెక్కకట్టి బాకీ చూపిస్తుంది.
5. గుమస్తా డబ్బు ముట్టినట్టు నమోదు చేస్తాడు.
6. సిస్టమ్ మిగులు టిక్కీల లెక్క సరిచేసి గేట్ పాస్ ఇస్తుంది.

ఇది అన్నీ సవ్యంగా జరిగిన రోజు కథ. ఆరు మెట్లే, ఎవరైనా రాస్తారు. రాశాక ఒక్కో మెట్టు దగ్గరా ఆగి "ఇక్కడ ఏం తేడా రావచ్చు?" అని అడగాలి. బాండు పోయిందని రైతు వస్తే? బాండున్న మనిషి చనిపోయి కొడుకు వస్తే? అడిగినన్ని టిక్కీలు మిగిలి లేకపోతే? బాకీలో సగమే కడతానంటే? టిక్కీ చిరిగి కాయ తరుగు వస్తే? ఒక్కో ప్రశ్నకూ అకౌంటెంట్ గారి దగ్గర ఒక పాత సంగతి ఉంది. ఆరు మెట్ల కథకు పదకొండు పక్కదారులు వచ్చాయి. మా పాత మూడు పేజీల్లో ఈ పనికి రాసింది 'డెలివరీ' అని ఒక్క మాట.

తర్వాత సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించేటప్పుడు కొత్తగా ఏమీ ఆలోచించాల్సిన పని పడలేదు. ప్రధాన దారి ఒక టెస్టు, ఒక్కో పక్కదారి ఒక్కో టెస్టు. వారం వారం కొంచెం కొంచెంగా ఇచ్చే టీములకు ఇంత రాత బరువనిపిస్తే, మొత్తం ఒకేసారి కట్టక్కర్లేదు. ఈసారి ప్రధాన దారి, వచ్చేసారి రెండు పక్కదారులు అని ముక్కలుగా తీసుకోవచ్చు. 2011లో జాకబ్సన్, సహచరులు యూజ్ కేస్ 2.0 పేరుతో చెప్పింది కూడా ఇలా ముక్కలుగా కోసుకోమనే.

మా పదకొండు పక్కదారుల్లో మొదటిది రెండో మెట్టు దగ్గర ఉంది. '2అ. బాండు మీద బ్యాంకు అప్పుంది. సిస్టమ్ విడుదల ఆపుతుంది, బ్యాంకు అనుమతి పత్రం నంబరు అడుగుతుంది.' అంతవరకూ రాసి తృప్తిగా కూర్చున్నాం. అప్పుడు కుర్రాడు అడిగాడు, "అప్పు 80 టిక్కీల మీదే ఉంటే మిగతా 40 సంగతేంటండీ?"

వ్యాన్ దగ్గర రైతు అడిగింది కూడా అదే. మేనేజరు గారు 40 ఇచ్చేయొచ్చన్నారు. అకౌంటెంట్ గారు కుదరదన్నారు. కాగితం ఒకటే, ఆ ఒక్క కాగితమూ బ్యాంకు బీరువాలో ఉంది, దాన్ని సగం చూసి సగం వదిలేయడం ఎలా అని ఆయన వాదన. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయనే నా చేతిలో పెన్ను తీసుకుని, పెట్టె లోపల మూలన ఉన్న ఖాళీలో ఇంకో గుడ్డు గీశారు. అందులో 'బాండు విడగొట్టించుకోవడం' అని రాసి, రైతు నుంచి దానికి గీత కలిపారు. అప్పుకు వెళ్లే ముందే కౌంటరు దగ్గర 80కి ఒకటి, 40కి ఒకటి రెండు బాండ్లు చేసుకోవాలి. మొదటిది బ్యాంకుకు వెళుతుంది, రెండోది రైతు జేబులో ఉంటుంది.

మరుసటి సీజన్‌లో మేం రాసిన వాటిలో కౌంటరు మీద ఎక్కువగా వాడిన స్క్రీన్లలో అదొకటి. అడిగిన రైతులందరికీ గుమస్తా రెండు బాండ్లు ప్రింటు తీసి, ఏది బ్యాంకుకు ఇవ్వాలో దాని మీద పెన్నుతో గుర్తు పెట్టి మరీ ఇచ్చేవాడు.